తూకానికి రాని చేప

కనాయుక్ నా కొడుకు. నాకంటే ఇరవై మూడేళ్ళు పెద్ద.

ఇందులో వింతేమీ లేదు. వాళ్ళ నాన్న ఉలాయుక్ చనిపోయిన చలికాలంలోనే నేను పుట్టాను. ఆయన పేరు నాకు పెట్టారు. ఉత్తరాన మంచు సముద్రం ఒడ్డున బతికే మాలో పేరు వచ్చిందంటే మనిషి తిరిగొచ్చినట్టే. అందుకని యాభై నాలుగేళ్ళ మనిషి నన్ను నాన్నా అంటాడు, ముప్ఫై ఒక్కేళ్ళ ఆడదాన్ని నేను వాణ్ణి ఒరేయ్ అంటాను. వాడి మేనత్త ఆవలక్‌కి ఎనభై దాటాయి. ఉలాయుక్‌కి చెల్లెలు కాబట్టి ఆవిడ నన్ను అన్నయ్యా అని పిలుస్తుంది. నాకు మూడేళ్ళున్నప్పుడు కనాయుక్ చేప తల ఉడకబెట్టి, బుగ్గ కండ వేరు చేసి నా నోట్లో పెట్టేవాడట. మా నాన్నకి ఇదంటే ప్రాణం అనేవాడట. నిజమే, నాకు ఇప్పటికీ ప్రాణమే.

కనాయుక్ అంటే ఒడ్డున రాళ్ళ కింద దాక్కునే ముళ్ళ చేప. ఒంట్లో సగం తలకాయే ఉంటుంది. వీడూ అంతే. పెద్ద తల, చిన్న నోరు, ఆ నోట్లోంచి రోజుకు పది మాటలు వస్తే గొప్ప. ఏది చెప్పాలో అది చెప్పడు. ఈ గుణం వల్లే మొన్న ఆగస్టులో మా అందరి ప్రాణాలూ తోడేశాడు. ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను గానీ ఆ మూడు రోజులూ నాకు అన్నపానాలు సహించలేదు.

వాడు పుట్టింది నది ఒడ్డున, గుడారంలో, చేపలు ఎండబెట్టే రోజుల్లో. ఏడో ఏట విమానం వచ్చి హాస్టలు బడికి ఎత్తుకుపోయింది. తొమ్మిదేళ్ళ తర్వాత ఇంగ్లీషు నిండా నింపుకుని తిరిగొచ్చాడు. చేపను చీల్చడం మాత్రం మర్చిపోయాడు. తోక దగ్గర కొయ్యకుండా వదిలేసి రెండు కండలూ జంటగా దండెం మీద వేలాడేలా కోయాలి కదా, వీడు కోస్తే ముక్కలు ముక్కలై కిందపడేవి. ఉలాయుక్ ఒక్క మాట అనలేదట. ఆ శరదృతువంతా కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని రెండు వందల చేపలు కోయించాడట. కుక్కలు ఆ ఏడాది బాగా బలిశాయని ఆవలక్ ఇప్పటికీ నవ్వుతుంది.

తర్వాత పెళ్ళి, ముగ్గురు పిల్లలు, గనిలో పదకొండేళ్ళు లారీ తోలడం. నిచ్చెన మీంచి జారి మోకాలు పోయింది. ఇంటికొచ్చి పడ్డాడు. పడవ ఇంజను అప్పటికే చచ్చిపోయింది. మా ఊరి నుంచి నది దగ్గరికి పడవలో ఒకటిన్నర రోజు. ఆగస్టు వస్తే చాలు, వాడు ఒడ్డుకెళ్ళి తూర్పు దిక్కుకి తిరిగి నిలబడేవాడు. అక్కడ ఏముందిరా అంటే ఏమీ లేదు నాన్నా అనేవాడు. నాకు తెలుసు ఏముందో. ఇకలుక్పిక్ చేపలు సముద్రంలోంచి నదిలోకి ఎక్కే రోజులవి.

ఆ చేప కోసమే దక్షిణాది వాళ్ళు, అంటే దూరపు పట్నాల తెల్లవాళ్ళు, నది ఒడ్డున క్యాంపు పెట్టారు. ఇకలుక్పిక్ సముద్రంలో ఉన్నప్పుడు వెండిలా ఉంటుంది. చలికాలానికి మంచినీళ్ళలోకి తిరిగొచ్చేటప్పుడు రంగు మారిపోతుంది. పొట్ట నిప్పులా ఎర్రబడుతుంది, రెక్కల అంచులు పాలలా తెల్లగా మెరుస్తాయి, మగదాని కింది దవడ పైకి వంపు తిరుగుతుంది. గాలానికి పడితే ఒకచోట నిలబడి పెనుగులాడే రకం కాదు. ఉరవడి వెంట పల్లానికి పరుగెడుతుంది, దాని వెనకే మనిషి రాళ్ళ మీద పరుగెత్తాలి. ఆ పరుగు కోసమే వాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. మేము దాన్ని తింటాం, వాళ్ళు దాంతో కుస్తీ పడతారు. ఒక్కొక్కరు ఒక చేప ఉంచుకోవచ్చు, మిగతావి పట్టి వదిలెయ్యాలని క్యాంపు నియమం.

"తిననప్పుడు దాన్నెందుకు ఏడిపించడం?" అంటుంది ఆవలక్. చేపతో ఆటలాడితే చేపకి కోపమొస్తుందని ఆవిడ భయం. క్యాంపు పక్కనే ఆవిడ గుడారం, దాని చుట్టూ మావాళ్ళవి మరో రెండు మూడు. ఎనభై ఏళ్ళుగా వేసవి వస్తే అక్కడే ఉంటుంది, క్యాంపు వచ్చింది తర్వాతే.

క్యాంపు నడిపేది రోలాండ్. చెడ్డవాడు కాదు, కంగారు మనిషి. గైడ్లని దక్షిణాది నుంచే తెచ్చుకునేవాడు. క్యాంపుకి వెళ్తూ అతను మా ఊళ్ళో దిగినప్పుడల్లా, వరసగా ఏడు వేసవులు, కనాయుక్ వెళ్ళి అడిగాడు. ఏడోసారి ఒక గైడు రాకపోయేసరికి రోలాండ్ ఒప్పుకున్నాడు. "కానీ ఒక్క మాట. అతిథి నుంచి ఒక్క ఫిర్యాదు వచ్చినా తర్వాతి విమానంలో ఇంటికే" అన్నాడు. కనాయుక్ కనుబొమ్మలు పైకెత్తాడు, అంటే సరే అని. అదే క్యాంపులో అప్పటికి మూడేళ్ళుగా నేను వంటమనిషిని.

ఆ వేసవి వాణ్ణి చూస్తే నాకు కడుపు నిండిపోయేది. మోకాలి నొప్పి కూడా మర్చిపోయాడు. పొద్దున్నే బండరాయి మీద బోర్లా పడుకుని నీళ్ళలోకి చూసేవాడు. వడిగా వచ్చే నీళ్ళు నిదానమైన నీళ్ళతో కలిసే గీత దగ్గర చేపలు ఆగుతాయి. ఎగువకి విసిరి, గాలానికి ఎరగా కట్టిన ఎర్ర రేకుని మునగనిచ్చి, అడుగున రాళ్ళని గీసుకుంటూ రానివ్వమని చెప్పేవాడు. రాయి తగలడం లేదంటే రేకు చేప నెత్తి మీంచి పోతోందన్నమాట. దక్షిణాది గైడ్ల అతిథులకంటే వీడి అతిథులకే ఎక్కువ పడేవి. ఇది నా పుత్రప్రేమ కాదు, రోలాండే ఒప్పుకున్నాడు.

ఆగస్టు చివరి వారంలో వెండెల్ వచ్చాడు. అరవై తొమ్మిదేళ్ళు, సన్నగా, పొడుగ్గా, కళ్ళజోడు మెడలో తాడుకి కట్టుకుని. ప్రపంచంలో పట్టని చేప లేదట. రికార్డుల పుస్తకంలో రెండుచోట్ల పేరుందట. మొదటి రోజు పడవలో కూర్చుంటూ కనాయుక్‌తో అన్నాడట, "ఇకలుక్పిక్ ఒక్కటే మిగిలింది. నా జన్మలో ఒక్కటి కూడా పట్టలేదు" అని.

ఆ రాత్రి భోజనాల దగ్గర కనాయుక్ బాధగా చెప్పాడు. "పాపం నాన్నా, ఆయనకింకా మొదటి ఇకలుక్పిక్ పడలేదట."

"అరవై తొమ్మిదేళ్ళకి కూడానా?" అంది ఆవలక్, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని. "ఎవరూ తీసుకెళ్ళలేదేమో చిన్నప్పుడు. అయ్యో తండ్రీ!"

మాలో నాలుగేళ్ళకో ఐదేళ్ళకో మొదటి చేప పడుతుంది. ఈయన ఇంతకాలం ఎలా బతికాడా అని మా అందరికీ జాలేసింది.

రెండు రోజులు ఏమీ పడలేదు. బుధవారం పడింది. నది దగ్గర జరిగిందంతా నాకు తర్వాతే తెలిసింది, అయినా ఇక్కడే చెబుతాను. రేకు రాళ్ళని గీసుకుంటూ వస్తుండగా ఆగిపోయిందట. వెండెల్ రాయికి తగులుకుందనుకున్నాడట. ఆ రాయి కదిలి పల్లానికి పరుగు తీసింది. ఇద్దరూ ఒడ్డు వెంబడే పరుగు. రెండో మలుపు దగ్గర వెండెల్ నాచు మీద కాలేసి జారి గుండెలోతు నీళ్ళలో పడ్డాడు. ఆ నీళ్ళలో మనిషి ఎక్కువసేపు ఉండలేడు. కనాయుక్ దూకి, ఒక చేత్తో ఆయన కాలరు పట్టుకుని, ఇంకో చేత్తో గాలం కర్ర అందుకుని, ఆయన్ని రాయి మీదికి లాగి, కళ్ళజోడు సర్దుకునేదాకా ఆగి, కర్ర తిరిగి చేతికిచ్చాడు. చేప ఇంకా ఉంది. మరో అరగంట పట్టింది.

క్యాంపుకి వచ్చేసరికి ఇద్దరూ తడిసి ముద్దయ్యారు. లోతుగా దిగారేమో అనుకున్నాం. వెండెల్ పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి, మాట రావడం లేదు. కనాయుక్ ఆయన్ని పొయ్యి ఉన్న గుడారంలోకి తోసి, పొడి బట్టలిచ్చి, చేపని భుజాన వేసుకుని వచ్చాడు. తోక వాడి పిక్కల్ని తాకుతోంది. మంట రంగు మగ చేప. అంతటి ఇకలుక్పిక్‌ని నేను చూడలేదు, ఆవలక్ కూడా చూడలేదంది.

"ఆయనకి పడింది నాన్నా!" అన్నాడు కనాయుక్. వాడి మొహం వెలిగిపోతోంది.

మొదటి చేపని ఎవరైనా ఏం చేస్తారు? పట్టినవాడు ఒక్క ముక్క కూడా తినకూడదు, దాచుకోకూడదు. మొత్తం పెద్దవాళ్ళ చేతిలో పెట్టాలి, వాళ్ళు కోసి అందరికీ పంచాలి. అలా ఖాళీ అయితేనే ఆ రకం చేప ఆ మనిషికి బతికినంతకాలం దొరుకుతుంది. పట్టినవాణ్ణి అడగడం కూడా ఉండదు. కనాయుక్ దాన్ని ఆవలక్ ముందు పెట్టాడు. ఆవిడ అర్ధచంద్రాకారపు కత్తి తీసింది. మేమంతా చుట్టూ కూర్చున్నాం. పచ్చిగా కొంత, ఉడికించి కొంత. దక్షిణాది గైడ్లు ఏరు పైకి వెళ్ళారు, రోలాండ్ అవతల రేవులో ఉన్నాడు. ఆపేవాళ్ళు లేరు, ఆపాలని మాకు తెలియదు.

వెండెల్ బయటికొచ్చేసరికి ముల్లూ తలకాయా మిగిలాయి. మేమందరం చప్పట్లు కొట్టాం. ఆవలక్ లేచి వెళ్ళి ఆయన వీపు నిమిరింది. ఆయన అయోమయంగా నవ్వి అటూ ఇటూ చూశాడు.

"నా చేపేది?"

"ఇదిగో ఇక్కడ!" అని కనాయుక్ పొట్ట తట్టుకున్నాడు. అందరం పొట్టలు తట్టుకున్నాం.

ఆయన ముల్లు వైపు చూశాడు. పాపం ఆకలేస్తోందేమో అనుకుని ఎవరో గిన్నె దాచేశారు. "మీరు తినకూడదు, మీరు తినకూడదు" అని నేను చేతులు ఊపాను.

"తూచారా?" అన్నాడు మెల్లగా.

"మొదటి చేపని ఎవరు తూస్తారండీ?" అన్నాడు కనాయుక్.

వెండెల్ వెళ్ళి పడవ మీద కూర్చుండిపోయాడు. అప్పుడే రోలాండ్ వచ్చాడు. తలకాయని రెండు చేతులా ఎత్తి చూశాడు, దవడని జానతో కొలిచాడు. మొహంలో రక్తం లేదు.

"ఇది పుస్తకంలోకి ఎక్కే చేప కనాయుక్! ఈ మనిషి వచ్చిందే దాని కోసం. కోసి తినేశారా?"

"మొదటిది కదా" అన్నాడు వాడు.

"గురువారం విమానం. నువ్వు ఎక్కుతున్నావు."

కనాయుక్ కనుబొమ్మలు పైకెత్తి, వెళ్ళి సంచి సర్దుకున్నాడు. నేను వెంటపడ్డాను.

"చెప్పరా, ఆ రోలాండ్‌కి మన పద్ధతేంటో నోరు తెరిచి చెప్పు!"

"మాట ఇచ్చాను కదా నాన్నా, ఫిర్యాదొస్తే వెళ్తానని. ఆయనకి నష్టం జరిగింది నిజమేగా."

"మళ్ళీ నిన్ను రానిస్తాడా?"

ముక్కు ముడిచాడు, అంటే లేదని. ఊళ్ళోని మిగతావాళ్ళని కూడా ఇక తీసుకోడు అని గొణిగాడు. దానికే ఎక్కువ బాధపడుతున్నాడని నాకర్థమైంది. ఏడు వేసవులు అడిగి సంపాదించుకున్న నది ఒక్క పూటలో పోయింది. మళ్ళీ ఒడ్డున తూర్పుకి తిరిగి నిలబడటమే. నాకు ఏడుపొచ్చింది, వాడి ముందు ఏడవకూడదని పిండి కలిపే పని పెట్టుకున్నాను.

గురువారం పొగమంచు దిగింది. పది అడుగుల దూరంలో మనిషి కనబడలేదు. విమానం రాలేదు. శుక్రవారం కూడా అంతే. కనాయుక్ సంచి పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. టీ తాగుతున్నాడు తప్ప ఏం పెట్టినా వద్దంటున్నాడు. వెండెల్ తన గుడారం దాటి బయటికి రాలేదు. ఆవలక్ మాత్రం దీక్షగా ఏదో కుడుతూ కూర్చుంది. మొదటి చేప అందుకున్నవాళ్ళు పట్టినవాడికి ఏదైనా చేసిపెట్టాలి. సీల్ తోలు చేతి తొడుగులవి, ఎంత కోపంగా ఉన్నవాడికైనా బాకీ బాకీయే అంది.

శుక్రవారం మధ్యాహ్నం నేను ఉండబట్టలేక టీ, వేడి బానక్ రొట్టె తీసుకుని వెండెల్ గుడారానికి వెళ్ళాను. మొదటి చేప సంగతంతా చెప్పాను. ఆయన చివరిదాకా విన్నాడు.

"అరవై తొమ్మిదేళ్ళ వాడికి కూడా ఇదే పద్ధతా?"

"మీరే అన్నారటగా, ఎప్పుడూ పట్టలేదని. మాకేం తెలుసు? మిమ్మల్ని చూస్తే మా అందరికీ జాలేసింది."

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. "నది దగ్గర ఏం జరిగిందో అతను చెప్పాడా?"

"చేప పడిందన్నాడు."

"అంతేనా?"

"అంతే. వాడంతే. ఎందుకు, ఇంకేమన్నా జరిగిందా?"

ఆయన టీ చల్లారిపోయేదాకా కప్పు చేతిలోనే పట్టుకున్నాడు. వాడి మీద ఇంకేదో నేరం చెప్పబోతున్నాడని నేను భయపడ్డాను.

శనివారం పొద్దున మంచు విడిపోయింది. పదకొండింటికి విమానం చప్పుడు. నీళ్ళ మీద దిగి రేవుకొచ్చింది. సామాన్లు దించారు, ఎక్కించాల్సినవి ఎక్కిస్తున్నారు. కనాయుక్ సంచిలో పట్టని రెండు టోపీలు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని నిలబడ్డాడు. నేను రొట్టెల మూట వాడి చేతిలో పెడితే, కొమాయక్ తింటుందిలే అన్నాడు. కొమాయక్ అంటే వాడి పెళ్ళాం. అప్పుడు వెండెల్ రాళ్ళ మీద జాగ్రత్తగా నడుచుకుంటూ వచ్చాడు.

"రోలాండ్, ఇతన్ని పంపొద్దు."

"మీకు కోపం లేకపోయినా క్యాంపుకి ఒక పద్ధతి..."

"ఆగు, చెప్పనీ. ఆ రోజు నేను జారి నదిలో పడ్డాను. ఇతను ఒక చేత్తో నన్ను పట్టుకున్నాడు, రెండో చేత్తో నా గాలం కర్ర పట్టుకున్నాడు."

రోలాండ్ మొహం మారింది. "చేప గాలానికి ఉండగానా? ఎంతసేపు?"

"నేను రాయెక్కి కళ్ళజోడు పెట్టుకునేదాకా."

"మరి ఇంకొకరి చెయ్యి కర్ర మీద పడితే..."

"రికార్డు చెల్లదు. నాకు నలభై ఏళ్ళుగా తెలుసు." వెండెల్ కళ్ళజోడు తాడు వేలికి చుట్టుకున్నాడు. "కానీ తూచి ఉంటే ఆ మాట నేను చెప్పేవాణ్ణి కాదు రోలాండ్. చూసినవాడు ఇతనొక్కడే. ఇతను నోరు విప్పడని ఆ ఒడ్డునే కనిపెట్టాను. సంతకం పెట్టేసేవాణ్ణి. పుస్తకంలో ఉన్న ఆ రెండూ నిజాలు, ఈ మూడోది దొంగది అయ్యేది. చచ్చేదాకా దాన్ని గోడ మీద పెట్టుకుని చూడాల్సొచ్చేది. మొదట కోపంతో ఊగిపోయాను. నిన్న ఈవిడ టీ తెచ్చాక కూడా రాత్రంతా కూర్చున్నాను. వీళ్ళు దాన్ని తినేసి నన్ను కాపాడారు. నేను బతికిపోయాను."

విమానం నడిపేవాడు సంచి చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"ఎందుకు చెప్పలేదురా?" అని నేను కనాయుక్ మీద అరిచాను. "ఆయన ప్రాణం కాపాడావని చెప్పి ఉంటే..."

"ముసలాయన నీళ్ళలో పడ్డాడని చెబితే మీరంతా నవ్వుతారుగా నాన్నా."

ఆ మాటకి మేము నిజంగానే నవ్వాం. వెండెల్ అందరికంటే గట్టిగా నవ్వాడు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. రోలాండ్ తల గోక్కున్నాడు.

"తొందరపడ్డాను కనాయుక్. అడగాల్సింది. ఉండిపో. వచ్చే ఏడాది కూడా నువ్వే. మీ ఊరి నుంచి ఇంకొకరిని కూడా వెంటబెట్టుకు రా."

కనాయుక్ మొహంలో సంతోషం రావాలా? రాలేదు. పెద్ద తలకాయని ఆవలక్ వైపు తిప్పాడు, భయంగా.

"అత్తా, కర్ర నేను కూడా పట్టుకున్నాను కదా. మరి అది ఆయన మొదటి చేపేనా? పంచింది తప్పయిందా?"

"పడింది ఎవడి కొక్కేనికిరా?"

"ఆయనదానికే."

"చేపని ఒడ్డుకి లాగింది?"

"ఆయనే."

"మరింకేం? నువ్వు కాసేపు మోశావు. నోర్మూసుకుని ఆ సంచి దింపించు, ఆ విమానం నడిపేవాడు ఎక్కించేస్తున్నాడు." ఆవిడ తొడుగులు తీసి వెండెల్ చేతులకి తనే తొడిగింది. "నా చేతి పని ఎలా ఉంది అన్నయ్యా, ఈయన్ని కాస్త అడిగి చెప్పు" అంది నాతో. ఆయన చేతులు ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నాడు. నేను అడగక్కర్లేకపోయింది.

కనాయుక్ లేకుండానే విమానం లేచింది. నీళ్ళ మీద దాని గీత చెరిగిపోయేదాకా కనాయుక్ కదలకుండా చూశాడు. తర్వాత నా దగ్గరికొచ్చాడు.

"నాన్నా, ఆకలేస్తోంది" అన్నాడు.

వెధవా, మూడు రోజులు మాడి చచ్చావు కదరా అని తిట్టి, చెయ్యి పట్టుకుని వంట గుడారంలోకి లాక్కుపోయాను. రొట్టెల మూట విప్పాను, మొన్నటి పులుసు వేడిచేశాను. వాడు తల ఎత్తకుండా తింటుంటే పక్కనే నిలబడి చూశాను. అమ్మయ్య అనుకున్నాను. మనసులో అనుకుంటున్నాననే అనుకున్నాను గానీ పైకే అనేశానట, బయట అందరికీ వినబడిందట.